గేటు దాకా నా లెక్క

నేను ఒక బూడిద ఇటుకను. పుట్టింది కొత్తగూడెం దగ్గర, ఈసం భద్రయ్య గారి ఇటుకల ఫ్యాక్టరీలో. కరెంటు తయారుచేసే చోట బొగ్గు కాలగా మిగిలిన బూడిదలో ఇసుక, కాస్త సిమెంటు కలిపి మిషనులో నొక్కితే నేనయ్యాను. ఎర్ర ఇటుకలా బట్టీలో కాలలేదు, నీళ్లు పోసి పెంచారు. అందుకేనేమో మొదటి నుంచీ నాకు కొంచెం గీర.

ఆ గీరను పెంచింది ఒక కాగితం. నన్ను తయారు చేయడానికి ఎంత కరెంటు, ఎన్ని నీళ్లు పట్టాయో, ఎంత పొగ గాలిలో కలిసిందో నిపుణులు లెక్కగట్టి ఇచ్చిన ప్రకటన అది. పొగ అంకె చాలా చిన్నదిగా వచ్చింది. భద్రయ్య దానికి పటం కట్టించి, పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఫ్యాక్టరీలో దానికి దండం పెట్టని వాళ్లు లేరు, చదివిన వాళ్లూ లేరు.

ఇంతలో కడపలో కడుతున్న ఒక ఆసుపత్రికి ఇటుకలు కావాలని, పర్యావరణానికి తక్కువ చేటు చేసేవే తీసుకుంటారని తెలిసింది. ఆ ఆర్డర్ వస్తే ఆగిపోయిన రెండో మిషను మళ్లీ తిరుగుతుంది, ఇంటికి పంపేసిన పనివాళ్లను వెనక్కి పిలవొచ్చు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, భద్రయ్య పనిలోకి పిలుస్తానని ఆ పనివాళ్లకు ముందే మాట ఇచ్చేశాడు. మచ్చుకు నన్ను తువ్వాలులో చుట్టి, పటం చంకన పెట్టుకుని, తెలిసినవాళ్ల లారీ ఎక్కాడు.

కడపలో ఆ ఆసుపత్రి కట్టిస్తున్న ఇంజనీరు రుఖియా గారి బల్ల మీద నా పక్కన ఆ ఊరి ఇటుక ఒకటి ఉంది. దాని కాగితంలోని అంకె నా అంకె కంటే పెద్దది. పాపం అనుకున్నాను. రుఖియా రెండు కాగితాలూ చివరిదాకా చదివి, భద్రయ్యకు మంచినీళ్లు ఇప్పించి, ప్రయాణం ఎలా జరిగిందని అడిగింది.

"లారీలోనే వచ్చిన మేడం. రెండు రోజులు పట్టింది. దారంతా ఒకటే పొగ, ఊపిరాడలే" అన్నాడు భద్రయ్య, తను పడ్డ కష్టం ఆమెకు తెలియాలని.

"మరి ఆ పొగ ఈ కాగితంలో యాడుందన్నా? మీ లెక్క ఫ్యాక్టరీ గేటు కాడే ఆగిపోయింది. ఈ ఊరి ఇటుకది ఆసుపత్రి గోడ దాకా వచ్చింది" అంది రుఖియా.

ఆ దారి కూడా కలిపి చూపించేసరికి నా అంకె పక్కదాన్ని దాటిపోయింది. నా గీర దిగిపోయింది. కానీ సిగ్గు కన్నా బాధే ఎక్కువైంది, ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న పనివాళ్లు గుర్తొచ్చి. భద్రయ్య వాదించలేదు. కొత్తగూడెం వైపు ఎవరైనా కడుతుంటే చెప్పమని మాత్రం అడిగాడు. తప్పకుండా చెబుతానంది ఆమె. అతను లేచి వెళ్లబోతుంటే ఇటుక మరిచిపోతున్నారని గుర్తుచేసింది.

భద్రయ్య వెనక్కి వచ్చి నా మీద చెయ్యి వేశాడు.

"దీన్ని మళ్లీ మోసుకపోతే ఆ పొగ కూడా నా లెక్కలోకే వస్తది మేడం. ఇక్కడే ఉండనీయండి."

నవ్వుతూనే అన్నాడు. చెయ్యి మాత్రం చాలాసేపు తీయలేదు.