అత్తగారు సర్దిన ఇంజను

కారు ఇంజను విప్పి మళ్ళీ బిగించడం నా వల్ల కాదని మా ఆవిడ అన్నది. నాకు ఒళ్ళు మండింది. వారం రోజులు సెలవు పెట్టి, హాల్లో పాత దుప్పటి పరిచి, ప్రతి బోల్టునూ, వాల్వునూ విప్పిన వరసలోనే పేర్చాను. ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. ఆ వరసే నా జ్ఞాపకం.

శనివారం పిస్టన్ రింగుల కోసం బజారంతా తిరిగి మధ్యాహ్నానికి వచ్చేసరికి, దుప్పటి దండెం మీద ఆరుతోంది.

"ఎంత జిడ్డు పట్టాయో అల్లుడుగారూ! అన్నీ సబ్బుతో తోమి, చిన్నవి చిన్న గిన్నెల్లో, పెద్దవి పెద్ద గిన్నెల్లో సర్దేశాను," అన్నారు పొద్దున్నే మా ఇంటికొచ్చిన అత్తగారు.

కన్నతల్లయితే ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి. అత్తగారాయె! "మీకెందుకండీ శ్రమ!" అని పళ్ళు బిగబట్టి నవ్వి, మెకానిక్కుకి ఫోన్ చేశాను.

అతను వచ్చి, గిన్నెల్లో తళతళలాడుతున్న వాల్వులను చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"ఇంజను నేను బిగిస్తా గానీ సార్, ఇవి తోమినవాళ్ళని మా షెడ్డుకి పంపిస్తారా?"

నేను నోరు తెరిచేలోపే అత్తగారు చెప్పులేసుకున్నారు.