ఎండగట్టిన తోట

మా పిన్ని చేతి ముద్ద తిని చదువుకున్నవాణ్ణి నేను. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనే మొదలు. అందుకేనేమో, ఆఫీసు నియమాలంటే నాకు భయమూ భక్తీ రెండూ. సాగు పథకాలు రైతులకు పనికొచ్చాయో లేదో పొలాలకు వెళ్లి చూసి రాయడం నా ఉద్యోగం. పరిశీలన ముగిసేదాకా ఆ రైతులతో సొంత మాటలు మాట్లాడకూడదు. పిన్ని తోట మా వంతుకు వచ్చినప్పుడు నన్ను తప్పించమని అడిగాను.

"ఉన్నది ఇద్దరమే. నోరు మూసుకుని ఉండు, చాలు," అన్నాడు మా పై అధికారి.

మూసుకున్నాను. పిన్ని ఫోన్ చేసినా ఎత్తలేదు.

పథకం ఆమెకు ఒక మోటారూ, డ్రిప్పు పైపులూ ఇచ్చింది. వాటిని ఉంచాలా, తీసుకుపోవాలా అన్నది మా రిపోర్టును బట్టే.

వెళ్లేసరికి టమాటా తోట తల వాల్చేసి ఉంది. ఆకులు ముడుచుకున్నాయి, పిందెలు రాలాయి. గట్టుమీద బాబాయి తలెత్తలేదు. పిన్ని కొత్తవాణ్ణి చూసినట్టు, "రండి సారూ," అంది.

"మోటారు ఆడట్లేదామ్మా?" అడిగాడు అధికారి.

"ఆడుతోంది బాబూ. ఇంకో రెండేళ్లుంటేగానీ తేరుకోం. ఇప్పుడే పట్టుకుపోతే మా నోట్లో మట్టే."

వంగి ఒక కాండం పట్టుకున్నాను. బొటనవేలంత లావుంది. పుట్టినప్పటినుంచీ కడుపునిండా తాగిన మొక్క. డ్రిప్పు పైపు మడిచి తాడుతో బిగించి ఉంది.

అధికారి పక్క మడిలోకి వెళ్లగానే అడిగాను. "నీళ్లెందుకు ఆపావు పిన్నీ?"

"ఇప్పుడొచ్చాయిరా నీకు మాటలు?" అంది గొంతు తగ్గించి. "పోయినేడు పక్కూళ్లో తోటలు కళకళలాడుతున్నాయని రాశారుగా మీవాళ్లు! మీ కాళ్లమీద మీరు నిలబడ్డారని మెచ్చుకుని మరీ మోటార్లు ఊడబెరుక్కుపోయారు. అందుకే నీళ్లు కట్టేస్తుంటే, కన్నబిడ్డ గొంతు నొక్కినట్టుందే అని మీ బాబాయి ఏడ్చాడు. వారం ఓర్చుకోమన్నాను."

"ఆ పద్ధతి మార్చారు పిన్నీ. ఈసారి పచ్చగా ఉన్నచోటే ఉంచుతారు. ఎండినచోట తీసేస్తారు."

ఆమె పైపుకు బిగించిన తాడుకేసి చూసింది. "ఒక్క మాట చెప్పొద్దట్రా?"

"ముందే చెబితే రైతులు నాటకాలాడతారని..."

బాబాయి అప్పుడు నవ్వాడు. "చెప్పకపోయినా ఆడాంగా. వేషమే తప్పింది."

తిరిగొచ్చేటప్పుడు అధికారికి అంతా చెప్పాను. ఆయన కసురుకోలేదు కూడా. "కావాలని ఎండబెట్టారని రాస్తే మోసం కింద పోతుంది మోటారు. ఎండిందని రాస్తే పథకం పనిచెయ్యలేదని పోతుంది. ఏదో ఒకటి రాయి."

పిన్నిమీద మోసగత్తె అన్న మాట పడకుండా, ఫలితం లేదని రాశాను.

మోటారు తీసుకెళ్లడానికి నెల తర్వాత లారీ వచ్చింది. సంతకం పెట్టాల్సింది నేనే. ఆలోగా పిన్ని తాడు విప్పి నీళ్లు వదిలింది కాబోలు, తోట మళ్లీ లేచి నిలబడింది. చెట్టు చెట్టుకూ పూత. బోల్టులు విప్పుతున్న మెకానిక్ చుట్టూ చూసి, "ఇంత ఏపుగా ఉన్న తోటకి మోటారెందుకు పీకేస్తున్నారమ్మా?" అన్నాడు.

పిన్ని నావైపు చెయ్యి చూపించింది.

"మా అబ్బాయి చదువుకున్నాడు నాయనా. వాణ్ణడుగు."