సేటుకు పడ్డ తరుగు

గుండెపోటు వచ్చి స్టెంటు పడ్డాక, వరంగల్ బెల్లం వ్యాపారి రాంప్రసాద్ తన ఒంటికి తానే కర్ఫ్యూ పెట్టుకున్నాడు. దుకాణంలో గద్దె దిగడు, ఎండలోకి రాడు. కొవ్వు భయంతో పాలు మానేశాడు. పెరుగూ మానేశాడు, అక్కడితో పెరుగుడు ఆగి తరుగుడు మొదలైంది. ఒళ్లు తగ్గుతుంటే మురిసిపోయాడు.

జాతర దగ్గరపడింది. మేడారం సమ్మక్కకు నిలువెత్తు బంగారం మొక్కు ఉంది. బంగారమంటే బెల్లమే, మనిషి తూగినంత. "మొదటి మూట నా నెత్తి మీదనే!" అని సేటు బజారంతా చాటాడు. అలవాటు కోసం దుకాణంలోనే ఓ చిన్న మూట ఎత్తబోయాడు. నడుములో కటుక్కుమంది.

ఎముకల డాక్టరు స్రవంతి ఎక్స్‌రే చూసింది.

"వెన్నుపూస కుంగింది అంకుల్. ఎముకలు గుల్లబారినయి."

"గుండె కోసం వెన్నపూస మానేసిన బిడ్డా, వెన్నుపూస ఎందుకు పోయింది? గుండెకూ ఎముకకూ ఏం చుట్టరికం?"

"దగ్గరి చుట్టరికమే. కదలకపోవుడు, ఎండ తగలకపోవుడు, పొగాకు, వయసు... ఇవి రెంటినీ చెడగొడ్తయి. కొందరికి కాల్షియం ఎముకల్ల తగ్గి రక్తనాళాల్ల పేరుకుంటది."

"అంటే సరుకు గోదాంల పెట్టకుంట తొవ్వల దించినట్టు!"

"అట్లనే. మీ గుండె డాక్టరుతోని మాట్లాడిన. నొప్పి తగ్గినంక మెల్లగ నడువుండ్రి. వెన్న తీసిన పాలు, పెరుగు తీసుకోండ్రి. నెత్తి మీద బరువు మాత్రం బంద్."

సేటు ముఖం వానకు తడిసిన బెల్లమైంది. కొన్నాళ్లకు నొప్పి తగ్గి దుకాణానికి వచ్చినా అదే ఫికర్. "మొక్కు తప్పుతనా? నడుము విరిగినా సరే, మోస్త!"

భార్య వినోద అడిగింది: "మొక్కిందెవలు?"

"నేనే."

"మీకు ఆ దినం తెలివి యాడున్నది? ఐసీయూ బయట కూసొని మొక్కింది నేను. 'ఆయన ఎత్తు బంగారం ఇస్త తల్లీ' అన్న. ఆయన మోస్తడని అననే లేదు."

"మరెవలు మోస్తరు?"

"పెండ్లైన కాన్నుంచి మీ బరువు ఎవలు మోస్తున్నరు? నాకు అలవాటే."

సేటును జాగ్రత్తగా పెద్ద తరాజులో కూర్చోబెట్టి, అవతల బెల్లం పేర్పించింది. రెండు పక్కలూ సమానమయ్యాక ఇంకో పెద్ద ముద్ద పడేసింది.

"ఎక్కువైంది!" సేటులోని వ్యాపారి కేకేశాడు.

"ఎక్కువ గాదు. మొక్కిన్నాడు మీరున్న బరువు ఇది. తరుగు తీసుడు మార్కెట్ల నడుస్తది, తల్లి దగ్గర నడువది."

రాంప్రసాద్ ఆ ముద్ద వంక చూశాడు.

"గింత పోయిన్నా నేను?"

"పోయినంత మళ్ల తెచ్చుకోవాలె. చెప్పులేసుకోండ్రి."

తరాజు దిగి, గోడ పట్టుకుని, గుమ్మం దాటి, మెల్లగా ఎండలోకి అడుగుపెట్టాడు. ముందు పోతున్న వినోద కొంగు అందుకున్నాడు.

"జర ఆగవే. నీ బరువు ఎనకబడుతాంది."