ఎలాగూ మార్చేసే మోకాలు

అది సముద్రం వంటింట్లోకి వచ్చిన ఏడాది. ఆ దీవిలో ఇప్పుడు ఏ సంగతి చెప్పినా నీళ్ళకు ముందా, నీళ్ళ తర్వాతా అనే అడుగుతారు. అక్టోబరులో తూర్పుగాలి రెండు రోజులు ఆగకుండా వీచి, నీళ్ళను కట్ట దాటించి ఇళ్ళ మీదికి తోసింది. గ్రేతె వంటింట్లో మోకాలి లోతు నిలిచి మూడో రోజుకి దిగాయి. బురద, నాచు, ఎవరిదో ఒంటి రబ్బరు బూటు మిగిల్చి పోయాయి.

ఆ వంటింటి నేల పైన్ చెక్క పలకలు. అత్తగారు మరెన్ కాలం నుంచి దానికి రంగు వేసింది లేదు. తెల్ల సబ్బు తునకలు మరిగించిన నీళ్ళతో కడగడమే. రెండు బకెట్లు, ఒక గుడ్డ, రెండు మోకాళ్ళు. చెయ్యి చెక్క చారల వెంటే పోవాలి. అడ్డం పోయిందా, నేల నల్లబడుతుంది. నలభై మూడేళ్ళ కిందట గ్రేతె కోడలిగా వచ్చిన వారానికి, పొడుగు కర్రకి గుడ్డ కట్టి తుడవబోయింది. మరెన్ గుమ్మంలో నిలబడి, "నిలబడి కడిగిన నేల నిలబడి చూస్తేనే బాగుంటుంది" అంది. అంతే. ఆ కర్ర కొట్టంలోకి పోయింది, గ్రేతె మోకాళ్ళ మీదికి దిగింది. పొద్దున బడి గదుల నేలలు, సాయంత్రం ఈ నేల. బడిలో పని మానేసిన రోజున కేకు కోశారు. ఇంటి పనికి మానడం అన్నదే లేదు.

నీళ్ళు దిగగానే ఆమె సబ్బు మరిగించింది. పలకల్లో ఇంకిన సముద్రపు ఉప్పు సబ్బుని విరగ్గొడుతుందని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నురగ రాలేదు. పాలు విరిగినట్టు బూడిదరంగు తరకలు తేలాయి. భర్త వెర్నర్ గుమ్మంలోంచి తొంగి చూసి, "ఇంకోసారి కడుగు. అమ్మయితే ఈపాటికి తెల్లగా చేసుండేది" అన్నాడు. పదకొండుసార్లు కడిగింది. పన్నెండోసారి కూర్చున్నది లేవలేదు. కుడి మోకాలు పొంగిన రొట్టెలా ఉంది.

పట్నంలో డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. ఎముకల మధ్య సందు సన్నబడింది. మోకాలు మార్చొచ్చు, జూన్‌లో తేదీ ఇస్తాను, కానీ ఈలోగా వ్యాయామం తరగతికి వెళ్ళండి, చాలామందికి కోత అక్కర్లేకుండా పోతుంది, అన్నాడు. వెర్నర్ పడవల ఇంజన్ల దగ్గర బతికిన మనిషి. ఇంటికొచ్చే దారంతా నవ్వాడు. "బేరింగు అరిగితే మారుస్తారు గానీ, దాన్ని బడికి పంపిస్తారటే?"

తరగతి ఊరి గ్రంథాలయం వెనక గదిలో. నేర్పే అమ్మాయి పేరు సోల్వై. మొదటి రోజు ఎవరికీ చెయ్యీ కాలూ ఆడించమనలేదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగింది. ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? తగిలింది. పందొమ్మిదో ఏట మంచు మీద సైకిలు జారి ఆ కాలే మెలిపడింది. మీ అమ్మకి ఉండేవా నొప్పులు? ఉండేవి. ఏం పని చేసేవారు? బడి నేలలు, ఇంటి నేల. మోకాళ్ళ మీదా? మరి. ఎన్నేళ్ళు? గ్రేతె వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టింది. ఎన్నేళ్ళని తనని అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు.

అప్పుడు సోల్వై బల్ల మీది స్పాంజి తీసి నీళ్ళలో ముంచింది. "ఎముకల చివర ఉండే మెత్తని పొర ఇలాంటిది. దానికి రక్తనాళాలు లేవు. ఎవరూ తెచ్చి పొయ్యరు. బరువు పడ్డప్పుడు పిండుకుంటుంది, తీసినప్పుడు పీల్చుకుంటుంది. అదే దాని తిండి. పొద్దస్తమానం ఒకే మడతలో నొక్కిపెట్టినా పస్తే, అసలు కదపకపోయినా పస్తే. అరిగిన పొర మళ్ళీ మొలుస్తుందని చెప్పను. తొడ కండ గట్టిపడితే బరువు అది మోస్తుంది, నొప్పి దిగుతుంది. దిగకపోతే కోత ఉండనే ఉంది, అదేం తప్పు కాదు."

గ్రేతె ఇంటికి నడుస్తూ రెండుసార్లు ఆగింది. పిండడం, ముంచడం, పిండడం. ఈ చేతులతో ఎన్ని లక్షలసార్లు చేసి ఉంటుంది! ఆ చేస్తున్నంతసేపూ కింద, తన బరువు కింద, తనలోనే ఒక గుడ్డ పిండుకోవడానికీ పీల్చుకోవడానికీ సందు దొరక్క అణిగి ఉందన్నమాట. తనది కర్ర కాదు, ఇనుము కాదు, వెర్నర్ బేరింగు కాదు. తాగే వస్తువు. దాహం వేసే వస్తువు. అరవై ఏడేళ్ళు మోసుకు తిరిగి, తిట్టుకుని, ముసలి మోకాలని విసుక్కుని, లోపల ఇంత పని జరుగుతోందని తెలియకుండా బతికింది. కట్ట మీద నిలబడి కాలు మడిచింది, చాపింది. మళ్ళీ మడిచింది. ఎదురుగా సముద్రం కూడా వెనక్కి తీసి ముందుకొస్తోంది. ఎవరన్నా చూస్తారేమోనన్న సిగ్గు కూడా వెయ్యలేదు.

వారానికి రెండు రోజులు వెళ్ళింది. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. మెట్టెక్కడం, దిగడం. నొప్పి ఎక్కువైన రోజున తగ్గించి చేసింది గానీ మానలేదు. మార్చి నెలలో ఒకనాడు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి, లేచానని తెలిసి, అలాగే నిలబడిపోయింది.

ఏప్రిల్లో వెర్నర్ పాత పలకలు పెరికాడు. పొయ్యి ముందు పలకలో రెండు పల్లాలు, పక్కపక్కన, లోతు తక్కువ గిన్నెల్లా. "చెమ్మ తినేసింది" అన్నాడు. గ్రేతె వంగి వాటిలో అరచేతులు పెట్టింది. మరెన్ మోకాళ్ళవి, తనవి, మరెన్‌కి ముందు ఉన్నావిడవి. నీళ్ళు తెచ్చిన చెమ్మ కాదది.

మే నెలాఖరుకి కొత్త పలకలు పడ్డాయి. వెర్నర్ అక్క గుద్రున్ ఎనభయ్యో పుట్టినరోజు ఆ ఇంట్లోనే. ముందు వారం ఆవిడ కాఫీకి వచ్చింది.

"పుట్టినరోజుకి నేల తెల్లబడాలి. నాలుగైదుసార్లు కడిగితేగాని రంగు తిరగదు. అది అయ్యాక ఆస్పత్రికి వెళ్దువుగాని" అన్నాడు వెర్నర్.

"మోకాళ్ళ మీద కూర్చోవద్దంది సోల్వై."

"ఎలాగూ మార్చేసే మోకాలే కదే. దానికింక జాలెందుకు?"

కోపంతో అనలేదు. బిస్కట్టు కాఫీలో ముంచుకుంటూ అన్నాడు. గ్రేతెకి అదే విచిత్రంగా తోచింది. ఇన్నేళ్ళ కాపురంలో ఎంతో తేలిగ్గా అన్న మాట, ఎంత దూరం నుంచి వచ్చిందో! మోకాలు తనదైనా పారేసే వస్తువుల జాబితాలోకి ఎప్పుడో ఎక్కిపోయింది. తను కూడా ఎక్కిందా?

లేచింది, చేతులు ఆనించకుండా. గోడకున్న ఫోను తీసి ఆస్పత్రికి చేసింది. "జూన్ తేదీ ఇంకెవరికైనా ఇవ్వండి. నాకు ఇప్పుడు వద్దు. కావాలనుకుంటే నేనే ఫోను చేస్తాను."

"మరి నేలో?" అన్నాడు వెర్నర్.

"నేలకి నువ్వు కూడా ఉన్నావుగా."

గుద్రున్ కప్పు కింద పెట్టింది. నవ్వుతుందనుకున్నారు ఇద్దరూ.

"అమ్మ చివరి మూడేళ్ళూ మెట్లు వెనక్కి తిరిగి దిగేది" అంది.

"ఎందుకు?" అన్నాడు వెర్నర్.

"ఎందుకేంట్రా. మోకాళ్ళు. నీకెలా తెలుస్తుంది, నువ్వు కింద బల్ల దగ్గర కూర్చుని భోజనం చల్లారిపోతోందని అరిచేవాడివి."

మర్నాడు పొద్దున్నే వెర్నర్ సబ్బు మరిగించాడు, కావలసినదానికి రెట్టింపు. రెండు బకెట్లు తెచ్చి పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గ్రేతె కుర్చీ గుమ్మంలో వేసుకుని తన వ్యాయామం మొదలుపెట్టింది. ఒకటి. రెండు.

"చారల వెంట. అడ్డం పోకు" అంది.

మొదటి పలక పూర్తయింది. లేవబోయాడు. లేవలేక పొయ్యి అంచు పట్టుకున్నాడు.

"ముందుకి వంగు. పాదం నేలకి ఆన్చు. మోకాలు లోపలికి పోనివ్వకు. ఇప్పుడు లే."

లేచాడు. గది ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. "నేనే వేశాను" అన్నాడు, "ఇన్ని పలకలున్నాయని తెలీదు."

నలభై మూడేళ్ళు నిలిచిన మరెన్ మాట, కొడుకు మోకాళ్ళ కింద ఒక్క పలక దాటలేదు. వెర్నర్ కొట్టంలోకి వెళ్ళి, బూజు దులిపి ఆనాటి పొడుగు కర్ర తెచ్చాడు. దాని చివర గుడ్డ కట్టి, నిలబడి రెండో పలక కడగడం మొదలుపెట్టాడు.