గంపకి చోటు

నేను ఒక మైకు గొట్టాన్ని, నాయనా. ఆటో నెత్తిన కట్టి ఊరూరా తిప్పుతారే, ఆ రేకు గొట్టాన్ని. ఎన్నికలప్పుడు నా గోల పడలేక మీరూ ఎప్పుడో తలుపు వేసుకునే ఉంటారు. కోపం లేదు. ఇప్పుడు గొంతు పోయినదాన్ని, కాసేపు కూర్చుని వినండి.

పుట్టింది పట్నంలో, ఇరుకు షెడ్డులో. పల్చటి రేకుని అచ్చు మీద తిప్పి తిప్పి నాకు నోరు చేశారు. వెనకాల గుండెకాయలా ఒక యూనిట్టు బిగించారు. అది ఉంటేనే నాకు మాట. చెవులు పెట్టాలని ఎవరికీ తోచలేదు, నోరు పెద్దదైతే చాలనుకున్నారు. అయినా రేకుని కదా, చుట్టుపక్కల పలికిన ప్రతి మాటా నాలో కాస్త మోగి మిగిలిపోయేది.

సింహాద్రి అనే మైకుసెట్టు మనిషి నన్ను సముద్రపు ఒడ్డు ఊళ్లకి తెచ్చాడు. నోటి అంచుకి నీలం రంగు పూశాడు, పందిట్లో వేరేవాళ్ల గొట్టాలతో కలిసిపోకుండా. పెళ్లిళ్లకీ అమ్మవారి సంబరాలకీ అరిచాను. పని లేనప్పుడు అతని కొట్టు మీద పాత పట్టా కింద పడి ఉండేదాన్ని. పొద్దస్తమానం మాట్లాడేదాన్నే, నాతో మాట్లాడినవాళ్లు లేరు. కాకి వాలినా, సింహాద్రి వైరు తగిలించగానే ఎగిరిపోయేది.

అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. సింహాద్రి ఉన్న ఒక్క ఆటోనీ ఇద్దరు అభ్యర్థులకి ఒప్పుకున్నాడు. పొద్దున ఒకాయనది, మధ్యాహ్నం ఇంకొకాయనది. మధ్యలో సరుగుడు తోటలో ఆటో ఆపి జెండా మార్చేవాడు, పెన్‌డ్రైవు మార్చేవాడు. నోరు మాత్రం నాదే. పొద్దుటాయన ఆడవాళ్లకి బస్సులో టికెట్టే ఉండదనేవాడు. మధ్యాహ్నమాయన సముద్రంలో చేపల వేట ఆపిన నెలల్లో ఇచ్చే భృతి పెంచుతాననేవాడు, జెట్టీ కడతాననేవాడు. రెండిటినీ ఒకే గొంతుతో, ఒకే నమ్మకంతో చెప్పేదాన్ని. ఆ ఒడుపు మనుషుల దగ్గర నేర్చుకున్నదే.

ఒకనాడు చేపలు ఎండబెట్టే ఇసకలో ఆటో ఆగింది. నూకరత్నం వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కి, సంత దాకా నడిచి అమ్ముకునే మనిషి. అప్పటికే మోకాళ్లు వాచి ఉన్నాయి. ఆ ఒడ్డుకి బస్సు లేదు. రోడ్డు మీద ఆగే బస్సులు చేపల కంపు అంటూ ఆమెని ఎక్కనివ్వవు. నడవలేని రోజున సంతలో ఆమె చోటు ఇంకొకరిది అవుతుంది. పుట్టి బుద్ధెరిగి ఆమెకి ఆ చోటు తప్ప వేరే ఆధారం లేదు.

"ఓలమ్మా, టికెట్టు నేదన్నావు, బాగుంది. మరి నా గంపకి సోటుంతాదేటి బస్సులో?" అంది. నన్నే అడిగింది. పుట్టాక నన్నొకరు ప్రశ్న అడగడం అదే మొదలు.

సింహాద్రి నవ్వాడు. "గొట్టాన్నడిగితే ఏటి సెప్తాది అప్పా?"

"ఇన్నాళ్లూ అదే గదరా సెప్పింది. ఆ బాబులు ఈ ఇసకలోకి దిగొచ్చారేటి, ఆళ్లనడగడానికి?"

సింహాద్రి వేళాకోళానికి మైకు ఆమె చేతికిచ్చాడు. ఆమె మళ్లీ అదే అడిగింది. ఈసారి నా నోటితో, ఒడ్డంతా వినేలా. చేపలు తిరగేస్తున్న ఆడవాళ్లు మొదట నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. ఇన్నేళ్లలో నేను అరువు తెచ్చుకోని మాట అదొక్కటే అనిపించింది.

మాట పైకి చేరింది. ఓట్లున్న మాట కదా, తొందరగానే చేరింది. పొద్దుటాయన గంపలకి వెనక సీటు తీసేసి చోటు ఇస్తానన్నాడు. మధ్యాహ్నమాయన అదేమంత అని, గంపలకి వేరే బస్సే వేస్తానన్నాడు. ఒక మధ్యాహ్నం సింహాద్రి జెండా మార్చి పెన్‌డ్రైవు మార్చడం మరిచాడు. మధ్యాహ్నమాయన జెండా కింద పొద్దుటాయన వెనక సీటు మాట మోగుతూ ఊరంతా తిరిగింది. ముందు నడిచే కార్యకర్తలు దానికీ జై కొట్టారు. పట్టించుకున్నది నూకరత్నం ఒక్కతే. దగ్గరికొచ్చి నా అంచు మీద చెయ్యి వేసి, "పొద్దున్నా అదే సెప్పావు, ఇప్పుడూ అదే సెప్పావు. మాట మీదున్నావే తల్లీ," అంది. ఆ చేతి వేడి నాకు ఇప్పటికీ గుర్తే. అది పొరపాటని చెప్పడానికి నాకు సొంత మాట లేకపోయింది.

పొద్దుటాయనే గెలిచాడు. ఆ తర్వాత సింహాద్రి నల్లటి పెట్టె స్పీకర్లు కొన్నాడు. నా యూనిట్టు ఊడదీసుకుని, మిగిలిన రేకుని పాత సామాన్ల కొట్లో పడేశాడు. కొట్టువాడు నన్ను రోడ్డు వైపు, నడుమెత్తున్న తుప్పు డ్రమ్ము మీద నోరు పైకి పెట్టి వదిలేశాడు. ఎదురుగా బస్సు ఆగే చోటు. వానొస్తే నాలోంచి నీళ్లు కారిపోతాయి. ఎవరూ వైరు తగిలించరు. కాకులు ఇప్పుడు తీరిగ్గా కూర్చుంటాయి.

ఒక సంత రోజున బస్సొచ్చింది. ఇచ్చిన మాట ప్రకారం ఆడవాళ్లకి టికెట్టు లేదు. నూకరత్నం గంపతో మెట్టు మీద కాలు పెట్టింది.

"గంప దించమ్మా. ఆడాళ్లకే ఆర్డరొచ్చింది, గంపలకి రాలేదు," అన్నాడు కండక్టరు.

"ఎనక సీటన్నారు గదయ్యా?"

"ఎవులన్నారు?"

ఎవరన్నారో చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. లోపలివాళ్లు ముక్కులు మూసుకున్నారు. బస్సు వెళ్లిపోయింది.

గంప బరువు మీకు తెలీదు. ఎత్తడానికి ఒక మనిషి కావాలి, దించడానికి ఒక మనిషి కావాలి. కింద పెట్టేస్తే ఒంటిదానిగా మళ్లీ నెత్తికెత్తుకోలేదు. రోడ్డు మీద ఎవరూ లేరు, కొట్టు ఇంకా తెరవలేదు. ఆమె అటూ ఇటూ చూసింది, నా నీలం అంచు కనబడింది. మెల్లగా వచ్చి, తల వంచి, గంపని నా నోటి మీదికి జారవిడిచింది.

"నువ్వా," అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎనక సీటన్నావు గదే."

నాలో గుండెకాయ లేదు, పలకలేదు. గంప అడుగు మాత్రం నా నోట్లో అటూ ఇటూ కదలకుండా సరిగ్గా కూర్చుంది. కాసేపటికి ఆమె వంగి, నా ఎత్తు మీంచే గంపని ఎవరి సాయం లేకుండా నెత్తికెత్తుకుని సంత వైపు నడిచింది.

రేపో మాపో లారీ వచ్చి నన్ను కరిగించడానికి తీసుకుపోతుంది. అప్పటిదాకా ప్రతి సంత రోజునా ఆమె నా దగ్గర ఆగుతుంది. ఏమీ అడగదు. గంపకి చోటుంది.