దులిపితే పోని బూజు

సైకిలు హ్యాండిలుకు వేలాడే సంచిని నాలుగోసారి సర్దుకుని, తిరుపతి మళ్ళీ నడక మొదలుపెట్టాడు. ఒకప్పుడు నాచారం నుంచి ఉప్పల్ దాకా ఆగకుండా తొక్కేవాడు. ఈ వానాకాలం మొదలైనప్పటినుంచీ దారిలో రెండు మూడు చోట్ల దిగవలసి వస్తోంది. దిగినప్పుడల్లా సంచి సర్దుకోవడానికే దిగినట్టు నటించడం అలవాటైంది. ఆ సంచిలో వెదురు బెత్తం, గరుకు బ్రష్షు, సిర్కా అనే వెనిగర్ సీసా, అట్టపెట్టెలో రంగురంగుల ఉన్ని, ఒక వంకర సూది ఉన్నాయి. ఇరవై రెండేళ్ళు దారం మిల్లులో దూది పీల్చి, మిల్లు మూతబడ్డాక పదకొండేళ్ళుగా ఇతరుల తివాచీల దుమ్ము పీలుస్తున్న మనిషి ఆస్తి అది.

ఎనిమిది రోజుల ముసురు తరువాత ఆ ఉదయమే ఎండ వచ్చింది. వచ్చిన గంటకే ఉప్పల్ నుంచి శారదమ్మ ఫోను చేసింది.

ఆమె తలుపు తీసి, గోడ పట్టుకుని నిలబడింది. భర్త గిరిధర్ భూగర్భ పరిశోధనశాలలో పనిచేసి రిటైరై, కిందటేడు పోయాడు. మూడు రోజులుగా ఆమెకు ఉబ్బసం విడవడం లేదు.

"తివాచీ పారేస్తారా, ప్రాణం మీదికి తెచ్చుకుంటారా అని డాక్టరు గారు తేల్చి చెప్పేశారు, తిరుపతీ. మావారు మొదటి జీతంతో కొన్నది. నువ్వు కూడా లాభం లేదంటే రేపు పొద్దున చెత్తబండికి ఇచ్చేస్తాను."

వంటింటి గుమ్మంలోంచి పనిమనిషి సూర్యకళ అందుకుంది. "నా తప్పేం లేదన్నా. అమ్మనే బూజు తియ్యమన్నది. చీపురు వట్టి దులిపిన. బూజంటే దులుపుడే గదా!"

"తలుపులేసుకొని దులిపినవా చెల్లె?"

"మరి? దుమ్ము బయటికొస్తే పక్కింటోళ్ళు నా మీద పడరా?"

తిరుపతి నవ్వాపుకున్నాడు. తప్పు ఆమెది కాదు, మాటది. పైకప్పు మూలన వేలాడేదీ బూజే, తివాచీలో మొలిచేదీ బూజే. మొదటిది సాలీడు వదిలేసిన గూడు, దులిపితే పోతుంది. రెండవది ప్రాణమున్నది, దులిపితే గాలికెక్కి, ఊపిరితిత్తులు వెతుక్కుంటుంది.

కిటికీ పక్కన, తివాచీ అంచుకు దగ్గరగా నల్లని మచ్చ ఉంది. పైన గుండ్రంగా, కింద వెడల్పుగా, కూర్చున్న మనిషి నీడలా ఉంది. సూర్యకళ గొంతు తగ్గించింది. "సారు కూసొని పేపరు సదివేది గాడనే. సూడు, అచ్చం మనిషి ఆకారం."

ముప్పై ఏళ్ళు శాస్త్రజ్ఞుడితో కాపురం చేసిన శారదమ్మ కూడా ఆ మచ్చ మీద అడుగు పడకుండా చుట్టూ తిరిగి నడవడం తిరుపతి గమనించాడు.

అతను తివాచీ ఎత్తి, కింద గచ్చు మీద అరచేయి ఆనించాడు. చల్లగా, జిగటగా తగిలింది. ఆ తడి వెంబడే చేయి జరుపుతూ పోయి కిటికీ కింద కూలర్ దగ్గర ఆగాడు.

"దీంట్ల నీళ్ళు తీసిన్రా అమ్మా?"

"జూన్‌లోనే ఆపేశాం. నీళ్ళ సంగతి... అవన్నీ ఆయనే చూసుకునేవారు."

తొట్టి మూల తుప్పుపట్టి, చుక్క చుక్కగా కారుతోంది. తిరుపతి ఆ చుక్కను వేలి మీదికి తీసుకుని ఆమెకు చూపించాడు. "సారు గాదమ్మా, కూలర్. సారే ఉంటే గిట్ల కారనిస్తుండెనా?"

శారదమ్మ పకపకా నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక, కళ్ళు తుడుచుకుంటూ మచ్చ మీదుగానే నడిచి వెళ్ళి కిటికీ తెరిచింది.

కూలర్ తొట్టిలో నీళ్ళు పారబోసి, తివాచీని మేడ మీదికి మోసేసరికి అతనికి పదకొండో మెట్టు దగ్గర ఒకసారి, పంతొమ్మిదో మెట్టు దగ్గర ఒకసారి సంచి సర్దుకోవలసి వచ్చింది. ఆ సంచి వెనకాల వస్తున్న సూర్యకళ చేతిలో ఉంది.

పిట్టగోడ మీద బోర్లా పరిచి, వెనకే మేడెక్కి వచ్చిన శారదమ్మను చూస్తూ బెత్తం తీశాడు. "మీరు కిందికి పోన్రి అమ్మా. ఈ దుమ్ము మీకు విషం."

"మరి నీకో? ముక్కుకి గుడ్డ కట్టుకో."

"కట్టుకుంటె దమ్మాడదమ్మా."

ఎండలో దుమ్ము లేచింది. దులిపి, సిర్కా నీళ్ళతో తుడిచి, మళ్ళీ ఎండకు పెట్టి, వెనకవైపు ముళ్ళు చూసినప్పుడు అతని చేయి ఆగిపోయింది. వరంగల్ ముడి. పదేళ్ళ వయసులో తండ్రి పక్కన మగ్గం ముందు కూర్చుని వేసిన ముడి. ఇది ఎవరు నేశారో తెలియదు. వేళ్ళకు మాత్రం చుట్టరికం తెలిసింది.

మచ్చ నడుమ అరచేతి మేర దారం కుళ్ళిపోయింది. ఆ మేరకు కత్తిరించి, నిలువు పోగులు కట్టి, ఎర్ర ఉన్నితో ఒక్కొక్క ముడీ వేస్తూ పోయాడు. మధ్యాహ్నం శారదమ్మ పంపిన అన్నం సగం మిగిల్చాడు. ఉన్నిపోగు కొస పెదవులతో తడిపి, మెలిపెట్టి, సూదిలోకి ఎక్కించడం, ఊపిరి అందేదాకా ఆగడం, మళ్ళీ ముడి. పొద్దు వాలేసరికి రెండు వరుసలు మిగిలాయి. కంటికి ఆనడం లేదు.

"సుట్టొద్దమ్మా, లోపల పరిసి పెట్టున్రి. సూది తియ్యకున్రి. రేపొచ్చి రెండు వరుసలు ముడేస్త."

"చెత్తబండి వస్తే?"

"రానియ్యున్రి, పోనియ్యున్రి. దీన్ని అడుగుతదా ఏంది?"

తిరుగుదారిలో అతను సైకిలెక్కలేదు. ఇంటికి చేరి, భార్య శ్యామలమ్మ ఇచ్చిన చాయ్ పక్కన పెట్టుకుని, "జరసేపు ఒరుగుత" అని గోడకు ఆనుకున్నాడు. ఆమె పొయ్యి మీద కూర దింపి వచ్చేసరికి చాయ్ మీద మీగడ కట్టింది. పిలిచింది. భుజం తట్టింది. ఆ ఛాతీలో ఏళ్ళ తరబడి వినబడుతున్న పిల్లికూత ఇప్పుడు వినబడలేదు.

మర్నాడు తొమ్మిది దాటాక శారదమ్మ ఫోను చేసింది. శ్యామలమ్మ ఎత్తింది.

"పోయిండమ్మా."

ఇటే బయలుదేరాడనుకుంది శారదమ్మ. "నెమ్మదిగా రమ్మను తల్లీ, తొందరేం లేదు" అంది. అవతలి నుంచి చాలాసేపు ఏడుపు వినిపించింది.

కింద చెత్తబండి గంట మోగించుకుంటూ వచ్చి, వెళ్ళిపోయింది. తెరిచిన కిటికీ ముందు తివాచీ పొడిగా, శుభ్రంగా పరిచి ఉంది. రెండు వరుసలు మిగిలిన చోట వంకర సూది గుచ్చి ఉంది. దాని నుంచి వేలాడుతున్న ఎర్ర ఉన్నిపోగుకు, పెదవులతో తడిపి పెట్టిన మెలిక ఇంకా విడిపోలేదు.