తినిపించిన చెయ్యి

మా ఆయన విద్యాసాగర్ నారాయణగూడ చౌరస్తా దగ్గర స్కూటర్ మీది నుంచి పడి కుడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పేనాటికి చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. చిక్కడపల్లిలో ఫిజియోథెరపీకి తీసుకెళ్తే, అక్కడి అమ్మాయి తన్మయి మొదటి రోజే చెప్పింది.

"ఆంటీ, ఎంత నొప్పైనా అంకుల్ తన చేతితోనే తినాలె. తినుడు కూడా ఎక్సర్‌సైజే."

చెప్పింది నాకు. ఆయన లోపల కాపడం పెట్టించుకుంటున్నారు. ఆ మాట నేను ఆయనకు చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం ముద్ద ఎత్తబోయి ఆయన "అబ్బా" అన్నారు. చూడలేక పప్పన్నం కలిపి నేనే నోట్లో పెట్టాను. పక్కింటి హైమవతి గారు చూసి, "ఎంత అదృష్టవంతులండీ మీ ఆయన!" అన్నారు. జాలి ఆ ఒక్క పూటే. తర్వాత రోజూ తినిపించిందంతా నా సంబరం. ఇన్నేళ్లు పేపర్ వెనక తల దాచుకుని తిన్న మనిషి, ఇప్పుడు నా చేతి వంక చూస్తూ కూర్చుంటున్నారు. ఆ ముచ్చట నేనెందుకు వదులుకుంటాను?

ఇవాళ తన్మయి మోచెయ్యి వంచబోయి ఆగిపోయింది. "అంకుల్, ఇంట్ల ఎట్ల తింటున్నరు?"

"మనోరమనే తినిపిస్తది," అన్నారాయన గొప్పగా.

ఆ పిల్ల నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది. "ఇంకొన్ని రోజులు ఇట్లనే ఉంటే ఇగ వంగదంకుల్."

"తప్పు నాది తల్లీ. నాకే బద్ధకం. ఆమెనేం అనకు," అన్నారాయన. నా తప్పు ఆయన నెత్తిన వేసుకుంటుంటే నేను బ్యాగు జిప్పు లాగుతూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అశోక్‌నగర్‌కు తిరిగొచ్చే ఆటోలో చెప్పేశాను. "ఆ పిల్ల మొదటి రోజే చెప్పింది. నేనే మీకు చెప్పలే."

ఆయన రోడ్డు వైపు తిరిగారు. "అట్లనా," అన్నారు.

ఇంటికి రాగానే కంచం ముందు పెట్టి నేను ఎదురుగా కూర్చున్నాను. చెయ్యి గుండెల దాకా వచ్చి ఆగిపోయింది. తలే కిందికి వంచి అందుకోబోయారు, మెతుకులన్నీ చొక్కా మీద పడ్డాయి. మళ్లీ ఎత్తారు. ఈసారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మనో, జర ఒక్క ముద్ద పెట్టవా?"

పెళ్లయిన నాటి నుంచి ఆయన నన్ను ఇలా బతిమాలింది లేదు. ముచ్చట తీర్చుకున్నది నేను, నొప్పి ఆయనకు.

"నేను పెట్ట," అన్నాను. "మీరే తినుండ్రి."